కొవ్వూరు ఇసుకలో బండి బాట

గోదావరి మీద వంతెన లేని రోజుల్లో రైలు ఏరు ఎలా దాటేదని మొన్న ఒక కుర్రవాడు నన్ను అడిగాడు. గూడ్సు ఆఫీసులో కొత్తగా చేరాడట. రైలు దాటేది కాదు నాయనా, బస్తాలు దాటేవి, అవి కూడా మనుషుల వీపుల మీద, అన్నాను. వేళాకోళం చేస్తున్నాననుకుని నవ్వి ఊరుకున్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే కాగితం, కలం తీసుకుని ఇది మొదలుపెట్టాను. సరుకు రవాణా పనిలోకి వచ్చే పిల్లలు దీన్ని చదివితే నా కష్టం దక్కినట్టే. చదవకపోతే నష్టం వాళ్ళదే, నాకు వచ్చే పింఛను ఎలాగూ లేదు.

ఆ రోజుల్లో బెజవాడ నుంచి వచ్చే రైలు కొవ్వూరులో ఆగిపోయేది. రాజమండ్రిలో ఇంకో రైలు కాచుకుని ఉండేది. మధ్యలో గోదావరి. వంతెన స్తంభాలు ఒక్కొక్కటే నీళ్ళలోంచి లేస్తున్నాయి గాని, అది పూర్తయ్యేదాకా కందులూ మిరపకాయలూ కొవ్వూరులో కూర్చుని ఉండవు కదా. సరుకును ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చే పనిని రైలు కంపెనీ తాను చేసుకోకుండా కంట్రాక్టుకు ఇచ్చింది. పుచ్చుకున్నది రాజమండ్రిలో గింజల వ్యాపారం చేసే మా షావుకారుగారు. నేను ఆయన దగ్గర గుమాస్తాను. మిషను బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు కాస్త నోట్లో ఉంది కాబట్టి నన్ను కొట్లోంచి తీసి కొవ్వూరు రేవులో పడేశారు. ఎండలో నిలబడే ఉద్యోగానికి ఇంగ్లీషు ఎందుకురా అని మా అమ్మ అడిగేది. రైలు కంపెనీవాళ్ళు తిట్టే తిట్లు అర్థం కావాలి కదా అనేవాణ్ణి.

తిట్లకు కొదవ లేదు. రైలు పెట్టెలోంచి బస్తా దించాలి, గట్టు మీద పేర్చాలి, మళ్ళీ వీపుకెత్తుకుని ఇసుకలో నడిచి పడవలో వెయ్యాలి. అవతలి ఒడ్డున దించాలి, బండికెత్తాలి, స్టేషనులో మళ్ళీ దించి ఇంకో పెట్టెలో పేర్చాలి. ఎత్తినప్పుడల్లా కూలీ చేతిలోని ఇనపకొక్కెం గోనెలో దిగేది. దిగిన చోటల్లా గింజ కారేది. తరుగు వచ్చిందని సరుకు యజమానులు రైలు కంపెనీ మీద పడేవాళ్ళు, కంపెనీ మా మీద పడేది, షావుకారుగారు నా మీద పడేవారు. నేను ఎవరి మీద పడాలో తెలియక కూలీల జట్టు మేస్త్రిని పిలిచి గట్టిగా మాట్లాడేవాణ్ణి. ఆయన నాకంటే చాలా పెద్దవాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ అంతా విని, మళ్ళీ తలపాగా చుట్టుకుని పనిలోకి వెళ్ళిపోయేవాడు. మర్నాడు మళ్ళీ అదే తరుగు, అదే తిట్టు.

కారిన గింజకు మాత్రం యజమానులు వేరే ఉండేవారు. వాళ్ళు రేవు పక్క పేటలోని ఆడవాళ్ళు. నేల మీద పడిన గింజ ఊడ్చుకున్నవాళ్ళదేనన్నది ఆ రేవు ఆచారం. ఎవరు పెట్టారో తెలియదు, మేము వచ్చేసరికే పాతబడిపోయింది. అయితే ఇసుకలో పడిన గింజను ఊడ్చడం కుదరదు. అందుకని వాళ్ళు గట్టు దగ్గర నుంచి పడవల దాకా, కూలీలు నడిచే దారి పొడవునా, బంకమట్టి తెచ్చి పోసి, గడ్డి కలిపి తొక్కి, పైన పేడతో అలికి కళ్ళంలా తయారుచేసుకునేవాళ్ళు. గాలికి ఇసుక కమ్మితే తీసేవాళ్ళు. పగులు వస్తే మళ్ళీ అలికేవాళ్ళు. కందులు, పెసలు, శనగలు, అప్పుడప్పుడు ధనియాలు, అన్నీ కలిసే చేటలోకి వచ్చేవి. వాళ్ళ పేటలో ఏ పూట ఏ పప్పు ఉడుకుతోందో వండిన మనిషి కూడా చెప్పలేదు. వాళ్ళందరికీ పెద్దదిక్కుగా ఒకావిడ ఉండేది. మాట మెత్తన, మనిషి గట్టి. నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి.

ఇలా నడుస్తుండగా ఒకనాడు కంపెనీ గూడ్సు దొర మమ్మల్ని రాజమండ్రి ఆఫీసుకు పిలిపించాడు. చాలాకాలంగా ఈ జిల్లాల్లో తిరిగినవాడు కావడం వల్ల తెలుగు బాగానే వచ్చు. కోపం వచ్చినప్పుడే ఇంగ్లీషులోకి వెళ్ళేవాడు. ఆ రోజు కూర్చోమనే మాట కూడా ఇంగ్లీషులోనే అన్నాడు. తరుగూ ఆలస్యమూ ఇంక భరించలేమనీ, ఆవిరి పడవలున్న కంట్రాక్టరు ఒకడు కాకినాడ నుంచి వచ్చి అడుగుతున్నాడనీ, వేసవి ముగిసేలోగా మేము కొత్త పద్ధతి ఏదైనా చేసి చూపించకపోతే వంతెన పూర్తయ్యేదాకా పని అతనికే ఇచ్చేస్తాననీ చెప్పాడు. బయటికి వచ్చాక షావుకారుగారు ఏమన్నాడోయ్ అని అడిగారు. చెప్పాను. ఆయన ఆ ఆఫీసు మెట్ల మీదే కూర్చుండిపోయారు.

ఆ కాకినాడ మనిషి వస్తే తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. మా పడవవాళ్ళు, మేస్త్రి జట్టు, నేను, అందరం రేవు వదిలి పోవలసిందే. నాకు భయం వేసింది. భయం కంటే పౌరుషం ఎక్కువ వచ్చింది. ఎండలో నిలబడి తిట్లు తిన్నది మేము, కుదురుగా నడిచేటప్పుడు వచ్చి కూర్చునేది ఇంకొకడా? అలా జరగనివ్వకూడదని ఆ మెట్ల మీదే నిశ్చయించుకున్నాను. వయసు అలాంటిది లెండి.

మా పడవలు బాగుచేసే వడ్రంగి ఒకతను ఉండేవాడు. ధవళేశ్వరం కార్ఖానాలో పని చేసి వచ్చినవాడు. మాట తక్కువ, చుట్ట ఎక్కువ. అతనూ నేనూ పంటు మీద కూర్చుని ఈ సంగతి మీదే తలలు బద్దలు కొట్టుకున్నాం. పంటు అంటే రెండు పడవల్ని పక్కపక్కన కట్టి పైన బల్లలు పరిచినది. పెళ్ళివారి బళ్ళు ఎడ్లతో సహా దాని మీదే ఏరు దాటేవి. పెళ్ళివారి బండి దాటుతుంటే కందుల బండి ఎందుకు దాటదని మాటల్లో వచ్చింది. ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో తరువాత మేమిద్దరం చాలాసార్లు వాదించుకున్నాం. ఇప్పటికీ నాదేనని నా నమ్మకం. అతను బతికి ఉంటే ఒప్పుకోడు.

మా పద్ధతి వినడానికి చాలా తేలిక. రైలు పెట్టెలోంచి బస్తాను తిన్నగా బండిలోకి దొర్లించాలి. బండి ఇసుక మీదుగా పోయి పంటు ఎక్కాలి. ఎడ్లు ఇటే ఆగిపోతాయి. అవతలి ఒడ్డున వేరే ఎడ్లను కట్టి బండిని స్టేషనుకు తోలాలి, అక్కడ మళ్ళీ తిన్నగా పెట్టెలోకి దొర్లించాలి. మధ్యలో బస్తాను ఎవరూ ముట్టుకోకూడదు. బండి ఎత్తు రైలు పెట్టె గుమ్మం ఎత్తుకు సరిపోయేలా చేస్తానన్నాడు వడ్రంగి. పంటు ఊగినా చక్రాలు కదలకుండా బల్లలకు బిగించే కొయ్య చీలలు కూడా అతనే ఆలోచించాడు.

ఆలోచనలు మావి, డబ్బు షావుకారుగారిది. ఆయన దగ్గర డబ్బు కదిలించడం కంటే పంటును ఎదురు వరదలో లాగడం సులువు. రోజూ సాయంత్రం కొట్టుకు వెళ్ళి అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఆయన ఒకరోజు ఆవిరి పడవే కొంటే పోలేదా అనేవారు. ఆవిరి పడవ ఏరు తొందరగా దాటుతుంది గాని, బస్తాను కొక్కెంతో ఎత్తడం తప్పుతుందా అండీ అనేవాణ్ణి. ఇంకోరోజు, "వంతెన వచ్చేస్తోందోయ్. వచ్చాక ఈ బళ్ళన్నీ నెత్తిన పెట్టుకుని తిరగనా?" అన్నారు. వంతెన రైలుకే గాని కోనసీమ కొబ్బరికాయలకు రాదండీ, రైలు లేని ఊళ్ళన్నిటికీ ఈ బళ్ళే దిక్కవుతాయి అన్నాను. తోచి అన్న మాటే గాని, చివరికి అలాగే జరిగింది. వంతెన మీద రైలు నడిచాక ఆ బళ్ళు లంకల్లో చాలాకాలం తిరిగాయి.

ఆఖరికి వడ్రంగిని వెంటబెట్టుకుని వెళ్ళాను. అతను చుట్ట పారేసి చేతులు కట్టుకుని నిలబడి, "బండి దాటి దొర సరేనన్నాకే నా కూలి ఇవ్వండి. దాటకపోతే కొయ్య మీది, చెమట నాది," అన్నాడు. షావుకారుగారు అతని వంక చాలాసేపు చూశారు. మర్నాడు పొద్దున్నే టేకు దుంగలు రేవుకు వచ్చాయి. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అది చూసి వడ్రంగి, దుంగల్లో రెండు పుచ్చువి ఉన్నాయి, వెనక్కి పంపండి అన్నాడు.

మేస్త్రి జట్టుతో ఇంకో పేచీ వచ్చింది. వాళ్ళకు ఎత్తుడుకు ఇంతని కూలి. ఎత్తుళ్ళు తగ్గిపోతే వాళ్ళ నోట్లో మట్టే. మేస్త్రి నాతో ఒక వారం మాట్లాడలేదు. కూలి బండికి ఇంతని కడదామనీ, ఇప్పటికంటే తగ్గదనీ, నెట్టడానికీ కట్టడానికీ మనుషులు కావలసిందేననీ నచ్చజెప్పాను. షావుకారుగారు కాస్త మూలిగి ఒప్పుకున్నారు. అప్పుడు రేవులో ఎవరికి ఏం నష్టమో అందరికీ సర్దేశామని మేమంతా మురిసిపోయాం.

మొదటి బండి తయారుకాగానే ఒక పూట దాటించి చూశాం. కందుల బస్తాలు వేసుకుని బండి గట్టు దిగింది, దారి వెంట గడగడా పోయింది, పంటు ఎక్కింది, అవతలి ఒడ్డు చేరింది. పేట ఆడవాళ్ళు చేటలు పట్టుకుని పక్కన నిలబడి చూశారు. ఊడ్చుకోవడానికి ఏమీ రాలలేదు. షావుకారుగారు ఆ పూట పట్టలేని సంతోషంలో ఉన్నారు. ఒక్క గింజ రాలలేదోయ్ అని నాకు చెప్పారు, వడ్రంగికి చెప్పారు, పడవవాళ్ళకు చెప్పారు, రాజమండ్రి వెళ్ళి బజారంతా చెప్పారు. మిగిలిన బళ్ళు కూడా చేయించమన్నారు.

దొర పరీక్షకు వచ్చే రోజు దగ్గరపడింది. అంతకు వారం ముందు షావుకారుగారు గొడుగు వేసుకుని రేవు చూడటానికి వచ్చారు. చేటలు, చీపుళ్ళు పట్టుకుని తిరుగుతున్న ఆడవాళ్ళు ఆయన కంటపడ్డారు. దొర వీళ్ళని చూస్తే గింజ ఇంత కారుతోందా అని అడుగుతాడని ఆయనకు గుబులు పట్టుకుంది. పెద్దమ్మను పిలిచి, ఇకమీదట గింజ రాలదు, మీరు రేవులోకి రావద్దు అని చెప్పేశారు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు.

"రావొద్దంటే రామండి," అని చేట చంకన పెట్టుకుని, మిగిలినవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది. గొడవ లేకుండా తేలిపోయిందని షావుకారుగారు సంతోషించారు. వడ్రంగి ఇరుసులకు ఆముదం రాస్తున్నాడు, నేను పంటు బల్లలు లెక్కపెట్టుకుంటున్నాను. ఎవరికి ఉన్న పని వాళ్ళకు ఉంది.

ఆ వారమంతా గాలి. ఎండాకాలపు గాలికి ఇసుక మేటలు అటువి ఇటు, ఇటువి అటు అవుతాయి. కాళ్ళు దిగబడుతున్నాయని జట్టువాళ్ళు అన్నారు. ఇసుకలో కాళ్ళు దిగబడక ఏమవుతాయని అందరం అనుకున్నాం.

పరీక్ష రోజు వచ్చింది. షరతు ఒక్కటే. పొద్దుటి రైల్లో కొవ్వూరు చేరిన సరుకు సాయంత్రం రాజమండ్రి నుంచి కదిలే గూడ్సు బండిలో ఎక్కి ఉండాలి, తరుగు ఉండకూడదు. దొర అవతలి ఒడ్డున కూర్చుని చూస్తాడు. ఇవతల మేము తెల్లవారేసరికే సిద్ధంగా ఉన్నాం. ఎడ్ల కొమ్ములకు ఎవరో పసుపు కూడా రాశారు. రైలు వచ్చింది. బస్తాలు పెట్టెలోంచి బండిలోకి వెన్నలా జారాయి. మొదటి బండి గట్టు దిగి నాలుగు బారలు పోయి ఆగిపోయింది.

ఎడ్లు ముందుకు లాగాయి, చక్రాలు కిందికి దిగాయి. ఇరుసు ఇసుకకు ఆనింది. ఇంకో జత ఎడ్లను కట్టాం. వాటిలో ఒకటి మోకాళ్ళ మీద కూలబడింది. జట్టంతా చక్రాలు పట్టుకుని నెట్టింది. చక్రం తిరిగినకొద్దీ గొయ్యి లోతైంది. వెనక మిగిలిన బళ్ళు వరుసగా నిలబడిపోయాయి. అవతలి ఒడ్డున దొర కుర్చీ వేయించుకున్నాడని పడవవాడు వచ్చి చెప్పాడు.

షావుకారుగారికి చెమటలు పట్టాయి. బస్తాలు దించి వీపుల మీద మోయించెయ్యండి అని కేకలు పెట్టారు. జట్టువాళ్ళ చేతులు అప్పుడే నడుముల్లోని కొక్కేల మీదికి వెళ్ళాయి. నేను బండికి అడ్డంగా నిలబడ్డాను. ఒక్క బస్తా దించితే మన కథ అయిపోయినట్టే, ఆ కాకినాడ మనిషిని మనమే కబురు పెట్టి పిలుచుకున్నట్టు, అన్నాను. ఆయనతో అంత గొంతు ఎత్తి అంతకు ముందెప్పుడూ మాట్లాడలేదు.

అప్పుడు చక్రం పక్కన ఇసుక తవ్వుతున్న వడ్రంగి లేచి నిలబడ్డాడు. అతని చేతిలో ఎండిన మట్టి పెళ్ళ ఉంది. ఒకవైపు గడ్డిపరకలు, ఒకవైపు పేడ అలుకు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టాడు.

"మొన్న మన బండి నడిచింది దీని మీదండి," అన్నాడు.

మాకు ఇసుక మీద బాట ఉండేది. దాన్ని రోజూ వేసి, ఊడ్చి, అలికి నిలబెట్టినవాళ్ళు ఉండేవారు. వాళ్ళ కూలి మా బస్తాల చిరుగుల్లోంచి ముట్టేది. చిరుగులు మాన్పించాం, వాళ్ళను పొమ్మన్నాం, బాట దానంతటది ఉంటుందనుకున్నాం. కొక్కేల దగ్గర నుంచి ఇరుసుల దాకా అన్నీ ఆలోచించిన మా అందరిలో ఒక్కడికి కూడా, చక్రం కింద ఏముందన్న ప్రశ్న తట్టలేదు. ఆలోచిస్తూ నిలబడే వ్యవధి లేదు. ఆ పెళ్ళ చేత్తో పట్టుకునే పేటలోకి పరుగెత్తాను.

పెద్దమ్మ గుమ్మం ముందు కూర్చుని నూకలు చెరుగుతోంది. నా చేతిలోని పెళ్ళను చూసింది. ఎందుకు వచ్చానో చెప్పనక్కర్లేకపోయింది.

"ఇప్పుడు అలికితే రేపటికి గాని ఆరదండి," అంది.

రేపటికి పనిలేదు పెద్దమ్మా, ఇవాళే బళ్ళు దాటాలి అన్నాను. ఆవిడ చేట ఆపింది. పాత అలుకు చాలా మేర ఇసుక కింద అలాగే ఉంటుందనీ, ఇసుక తోడేసి, విరిగిన చోట తాటాకులు పరిచి తడిగడ్డి వేస్తే ఒక పూటకు ఆగుతుందనీ చెప్పింది. చెప్పింది గాని లేవలేదు. రాలిన గింజ మళ్ళీ మీదేనని షావుకారుగారితో చెప్పిస్తాను, రండి అని బతిమాలాను. అప్పుడు ఆవిడ అన్న మాట నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ మరిచిపోలేదు.

"గింజ మాకొద్దండి గుమాస్తాగారూ. గింజ రాలకూడదని మీరు బండి కట్టేరు. అది రాల్తేనే మాకు కూడు. మీరు రాలకూడదనుకుంటా, మేం రాలాలనుకుంటా, ఒకే బాట మీద ఎలా పని చేస్తామండి? జట్టోళ్ళకి కట్టినట్టే మాకూ బండికింతని కట్టండి. అప్పుడు మీ బండి దాటాలని మేమూ కోరుకుంటాం."

ఒప్పుకునే అధికారం నాకు లేదు. అడిగి వచ్చే వ్యవధీ లేదు. సరేనన్నాను. షావుకారుగారు కాదంటే నా జీతంలోంచి ఇస్తానని కూడా అన్నాను. ఆవిడ మొదటిసారి నవ్వింది.

"మీ జీతం మాకెందుకండి, పెళ్ళి కావలసినోరు. ఆయన చేతే ఇప్పించండి," అంటూ లేచి, పేట వైపు తిరిగి ఒక్క కేక వేసింది.

అంతమంది ఆడవాళ్ళు అంత తొందరగా బయటికి రావడం నేనెప్పుడూ చూడలేదు. గంపలు, చీపుళ్ళు, తట్టలు, ఒకరిద్దరి చేతిలో గుమ్మానికి కట్టిన తాటాకు తడకలు కూడా ఉన్నాయి. గట్టు దగ్గర నుంచి ఇసుక తోడటం మొదలుపెట్టారు. కొంత లోతున పాత అలుకు నల్లగా బయటపడింది. అది చూడగానే జట్టువాళ్ళకు ప్రాణం లేచి వచ్చింది. మేస్త్రి ఎవరూ చెప్పకుండానే తలపాగా నడుముకు బిగించి పార అందుకున్నాడు. విరిగిన చోట తాటాకులు పడ్డాయి, వాటి మీద ఏట్లో ముంచిన గడ్డి, దాని మీద తడిగోనెలు పడ్డాయి.

ఈలోగా షావుకారుగారు నా దగ్గరికి వచ్చారు. వీళ్ళను ఎవరు రమ్మన్నారని అడిగారు. నేను ఒప్పుకున్న సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. ఎవరిని అడిగి ఒప్పుకున్నావు, ఊడ్చుకుని పోయేవాళ్ళకు కూలి ఏమిటి, రేపు కాకులకు కూడా కడతావా, దొర వెళ్ళాక నీ సంగతి చెప్తాను, అని పళ్ళు కొరికారు. నా సంగతి తరువాత చూద్దురుగాని, ఇప్పుడు మీరు వద్దంటే వాళ్ళు చీపుళ్ళు కింద పెట్టేస్తారు, నేనూ వాళ్ళతోనే వెళ్ళిపోతాను, అన్నాను. ఆయన నిలిచిపోయిన బళ్ళ వరుసను చూశారు, బయటపడుతున్న బాటను చూశారు. గొడుగు ముడిచి గట్టెక్కి అటు తిరిగి కూర్చున్నారు.

బండిని గొయ్యిలోంచి లేపి బాట మీద పెట్టేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అప్పుడు ఎడ్లు కదిలాయి. చక్రం అలుకు మీద దొర్లుతున్న చప్పుడు వినగానే వడ్రంగి నా భుజం పట్టుకున్నాడు, పంటు ఎక్కేదాకా వదల్లేదు. అక్కడి నుంచి ఇంక ఆగలేదు. ఒక బండి పోగానే ఆడవాళ్ళు వంగి ఇసుక తీసేవాళ్ళు, గడ్డి సర్దేవాళ్ళు, నీళ్ళు చల్లేవాళ్ళు, తప్పుకునేవాళ్ళు. ఇంకో బండి వచ్చేది. పెద్దమ్మ బాట మధ్యలో నిలబడి ఎడ్లు తోలేవాళ్ళ మీద అరిచేస్తోంది. అటు కాదండి, ఇటు, అంచుకి పోకండి, అని. ఎవరి బండి ఒరిగినా తన బండి ఒరిగినంత ఇదైపోతోంది. నేను పంటుకూ గట్టుకూ మధ్య తిరుగుతూ తిండి సంగతి కూడా మరిచిపోయాను.

ఆఖరి బండి పంటు ఎక్కేసరికి ఇంకా పొద్దు ఉంది. అది అవతల చేరి, సరుకు పెట్టెల్లో పడి, గూడ్సు బండి కూత వేసింది. ఆ కూత ఏటి మీదుగా మాకు వినిపించింది. మేస్త్రి ఇసుకలోనే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నేనూ పక్కన కూలబడ్డాను. ఆనందం అంటే ఇదేనని అప్పుడు అనిపించింది.

తిరిగి వచ్చే పంటు మీద దొర ఇవతలి ఒడ్డుకు వచ్చాడు. మమ్మల్ని చూసి తెలుగులో మాట్లాడాడు, అప్పుడే నాకు సగం అర్థమైపోయింది. తరుగు లేదనీ, బస్తాలకు చిరుగు లేదనీ, వంతెన పూర్తయ్యేదాకా దాటింపు పని మాదేననీ షావుకారుగారితో చెప్పి చెయ్యి కలిపాడు. వడ్రంగిని పిలిచి చీలలు చూపించమన్నాడు. తరువాత బాట వెంట నడుచుకుంటూ వచ్చి, బూటుతో అలుకును నొక్కి చూసి, చీపుళ్ళతో నిలబడి ఉన్న ఆడవాళ్ళను చూసి ఆగాడు. కూలీల లెక్కలో వీళ్ళను ఎప్పుడూ చూపించలేదే, వీళ్ళెవరని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా షావుకారుగారు ముందుకు వచ్చారు. నా మీద పళ్ళు కొరికిన మనిషేనా అని చూశాను. మొహం నిండా నవ్వు.

"బాట చూసేవాళ్ళండి దొరగారూ. కొత్తవాళ్ళు కారు. ఇది మా కంట్రాక్టులో పాత ఏర్పాటేనండి," అన్నారు.

దొర తల ఊపాడు. మంచి ఏర్పాటు, ఇది మీకు ముందే తట్టినందుకు మెచ్చుకోవాలి అన్నాడు. షావుకారుగారు వినయంగా చేతులు నలుపుకున్నారు. దొర గట్టు వైపు కదలబోయాడు. అప్పుడు పెద్దమ్మ చీపురు కింద పెట్టి, కొంగు నిండుగా సర్దుకుని, రెండు చేతులూ జోడించింది.

"ఆయ్, పాత ఏర్పాటేనండి. ఇన్నాళ్ళ కూలే ఇంకా మా చేతికి ముట్టలేదండి," అంది.

దొర వెనక్కి తిరిగి షావుకారుగారి వంక చూశాడు. షావుకారుగారి దగ్గర దానికి జవాబు ఉంది. ఇన్నాళ్ళూ గింజలు ఊడ్చుకున్నారు కదా అనవచ్చు. కాని చేటలు నిండేంత గింజ మా రేవులో కారిందని తరుగు మీద మండిపడ్డ ఆ మనిషి ముందే ఎలా అంటారు? ఆ సంగతి తెలిసే పెద్దమ్మ కళ్ళు దించుకుని నిలబడి ఉంది.

"ఏమోయ్, వాళ్ళ లెక్క కట్టి ఇచ్చెయ్యవోయ్," అన్నారు షావుకారుగారు నాతో, మరిచిపోయిన మాట గుర్తుకొచ్చినట్టు.

"ఎప్పటి నుంచి కట్టమంటారండీ?" అన్నాను.

ఆయన దొరను చూశారు, ఏటిని చూశారు, చివరికి పెద్దమ్మను చూశారు.

"ఆవిడ ఎప్పటి నుంచి అంటే అప్పటి నుంచే కట్టు," అన్నారు.

నేను పెద్దమ్మ వైపు తిరిగాను. ఆవిడ వెనక ఉన్నవాళ్ళను ఒకసారి కలయజూసి, బాగా ఆలోచించి చెప్పింది.

"షావుకారుగారు కంట్రాక్టు పుచ్చుకున్న కాడి నుంచి చాలండి. అంతకు ముందుది గోదారికి వదిలేసేమండి."

నేను అక్కడే ఇసుకలో కూర్చుని లెక్క మొదలుపెట్టాను.